ఎర్ర పెన్ను

"అది వెయ్యి కాదు బాబూ, వంద."

సెక్రటరీ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

ఎవరో పెద్దాయన. నలిగిన చొక్కా, జేబులో ఒక ఎర్ర పెన్ను. డాక్టరమ్మ చేత్తో రాసిన ప్రసంగంలోకి ఎంచక్కా తొంగిచూస్తున్నాడు.

ఇల్లంతా ఊపిరాడనంత సందడి. మూడేళ్ల కిందటిదాకా వార్డుల్లో స్టెతస్కోపుతో తిరిగిన డాక్టరమ్మ ఇవాళ దేశానికి ప్రధానమంత్రి! ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. గేటు బయట జనం ఈలలు. ఇంకో గంటలో ప్రమాణ స్వీకారం, ఆ వెంటనే తొలి ప్రసంగం. కోడి కెలికినట్టున్న ఆవిడ రాతను చదివి టైపిస్టుకు చెప్పే పని సెక్రటరీ నెత్తిన పడింది.

"ఎవరు మీరు? లోపలికెలా వచ్చారు?"

"డాక్టరమ్మ రమ్మన్నారు."

"పొద్దున్నుంచి ఆ మాట చెప్పినవాళ్లలో మీరు నలభయ్యోవారు. బయటికి నడవండి."

పెద్దాయన కదల్లేదు. కాగితం మీద వేలు పెట్టాడు.

"ఏడాదిలో 1000 ఆసుపత్రులట. ఎవరివల్లవుతుంది? వంద రాయబోయి ఉంటారు."

"మూడు సున్నాలున్నాయి. కనిపించట్లేదా?"

"కనిపిస్తున్నాయి. హడావుడిలో ఉంటే ఆవిడకి ఒక సున్నా ఎక్కువ పడుతుంది."

టైపిస్టు కిసుక్కున నవ్వింది. సెక్రటరీకి ఒళ్లు మండింది.

"ప్రధానమంత్రి ఇంట్లో నిలబడి ఆవిడకే తప్పులు దిద్దుతారా?"

"ఒక్కసారి ఆవిడని అడగండి బాబూ. దేశం ముందు అన్నాక ఇక వెనక్కి తీసుకోలేరు."

"ఆవిడకి ఇప్పుడు ఊపిరి తీసుకునే తీరిక లేదు!"

గార్డు వచ్చి పెద్దాయన భుజం పట్టుకున్నాడు. పెద్దాయన గుమ్మం దాకా వెనక్కి చూస్తూనే వెళ్లాడు.

సెక్రటరీ టైపిస్టు వైపు తిరిగాడు. "వెయ్యి. అక్షరాల్లో కొట్టమ్మా, గొడవ వదిలిపోతుంది."

మధ్యాహ్నం డాక్టరమ్మ మైకు ముందు నిలబడింది. మైదానం నిండా జనమే.

"మా ప్రభుత్వం తొలి ఏడాదిలోనే వెయ్యి ఆసుపత్రులు కడుతుంది!"

మైదానం దద్దరిల్లింది. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఒకరినొకరు వాటేసుకున్నారు. సెక్రటరీ ఆనందం పట్టలేక అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాడు.

డాక్టరమ్మ మాత్రం ఆగిపోయింది. చేతిలోని కాగితం వైపు మళ్లీ చూసుకుంది. మంచినీళ్లు తాగి, మిగతాది గబగబా చదివేసింది.

వేదిక దిగుతూనే సెక్రటరీని పక్కకు లాగింది.

"నేను రాసింది వంద కదయ్యా?"

సెక్రటరీ ఆవిడ చేతిరాత కాగితం తీసి చూపించాడు. ఆవిడ తన మూడు సున్నాలనూ చూసుకుని తల పట్టుకుంది. బయట జనం ఇంకా "వెయ్యి! వెయ్యి!" అని అరుస్తున్నారు.

"ఈ గోలలో నీకు చెప్పడమే మరిచిపోయాను. టైపు కొట్టేముందు చూసిపెట్టమని ఒకాయన్ని పిలిపించాను. రాలేదా? జేబులో ఎర్ర పెన్ను ఉంటుంది."



"వచ్చారమ్మా. నేనే బయటికి పంపించేశాను. ఎవరమ్మా ఆయన?"

"ఇరవై ఏళ్లు మా ఆసుపత్రి మందుల కౌంటర్లో కూర్చుని, నా చీటీల్లో ఎక్కువ పడ్డ సున్నాలన్నీ ఆ పెన్నుతో కొట్టేసి, నా పేషెంట్లను నా చేతినుంచి కాపాడిన మనిషయ్యా."