రెండు చెవుల రాజుకి గ్రేడింగ్

బావమరిది బావ బతుకు కోరతాడంటారు. ఈ బావమరిది అంతటితో ఆగక, బావ బీరువాలో ఉన్న వెండి నాణెం కూడా కోరాడు.

అది అల్లాటప్పా నాణెం కాదు. దాని మీద పక్కకి తిరిగిన రాజుగారికి ఒకే వైపు రెండు చెవులు. టంకశాలలో అచ్చు జారి ఒకదాని కింద ఒకటి పడ్డాయట. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసి, అడిగిన వాళ్ళందరికీ చిల్లర లేదని చెప్పిన బావ, రిటైరయ్యాక ఆ చిల్లర మీదే మనసు పారేసుకున్నాడు. రెండు చెవుల రాజుని హాల్లో అద్దాల బీరువాలో మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టి, గుమ్మం తొక్కిన ప్రతివాడికీ చూపించేవాడు.

"దీని విలువ కట్టగల మొనగాడు ఈ ఊళ్ళో ఒక్కడే. బస్టాండు వెనక నాణేల కొట్టాయన," అనేవాడు.

బావమరిది డెంటల్ ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తాడు. ఎలాంటి పన్నుకైనా అచ్చు తీసి, లోహం పోసి, అమ్మ కడుపులోంచి వచ్చిన పన్నేనని నమ్మించగలడు. పన్నుకి పనికొచ్చిన విద్య రాజుగారి చెవికి పనికిరాదా? ఒక ఆదివారం అక్క వంటింట్లో టీ పెడుతుండగా నాణేన్ని మైనంలో నొక్కి అచ్చు తీశాడు. మరుసటి ఆదివారం నకిలీని గుడ్డ మీద పడుకోబెట్టి, అసలుని జేబులో వేసుకుని, రెండో కప్పు టీ కూడా అడిగి తాగి మరీ వచ్చాడు.

సోమవారం పొద్దున్నే నాణేల కొట్టు తెరిచేసరికి మెట్ల మీద ఉన్నాడు. కొట్టాయన కంట్లో భూతద్దం ఇరికించుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

"వస్తువు దివ్యంగా ఉంది. గ్రేడింగే లేదు."

"అంటే?"

"కంపెనీవాళ్ళు పరీక్ష చేసి, అసలుదని రాసిచ్చి, మార్కులేసి, ప్లాస్టిక్ డబ్బీలో బిగించి పంపుతారు. డబ్బీలో ఉంటే దీంతో ఇల్లు కొనొచ్చు. లేకపోతే ఇటుక కొనొచ్చు."

"ఫీజెంత?"

కొట్టాయన చెప్పాడు. బావమరిదికి అది రెండు నెలల జీతం.

కట్టాలా, మానాలా? రెండు రోజులు నిద్ర పట్టలేదు. సలహా అడుగుదామంటే, నాణేల సంగతి తెలిసిన మనిషి చుట్టాల్లో ఒక్కడే. కన్నం వేసిన ఇంటికే సలహాకి వెళ్ళాడు.

"బావగారూ, మాటవరసకి అడుగుతున్నా. ఈ గ్రేడింగులవీ దండగ కదూ?"

"శుద్ధ దండగ," అన్నాడు బావ. "పదికీ పరక్కీ పోయే నాణేలకి గ్రేడింగు చేయించడం, చినిగిన గొడుక్కి బంగారు పిడి వేయించడం లాంటిదోయ్."

"మరి మన రెండు చెవుల రాజుకో?"

"దానికా? దానికైతే ఒంటి మీద చొక్కా అమ్మయినా చేయించాల్సిందే! నేనంటే ఎలాగూ అమ్మేవాణ్ణి కాదు గనక ఊరుకున్నా."

బావమరిది ఆగలేదు. ల్యాబుకి కొత్త కొలిమి కొందామని దాచుకున్న డబ్బంతా తీసుకెళ్ళి, నాణేన్ని కంపెనీకి పంపమని కొట్టాయన చేతిలో పోశాడు.

నలభై రోజులకి నాణెం తిరిగొచ్చింది. డబ్బీ లేదు. చిన్న ఉత్తరం ఉంది. 'నకిలీ. పోత పోసినది.'

ఉత్తరం తిరగేసి మరగేసి చదివాడు. అప్పుడు విషయం వెలిగి, నెత్తి మీద ఠపీమని కొట్టుకున్నాడు. హడావిడిలో తను పోసిన నాణేన్నే మళ్ళీ జేబులో వేసుకొచ్చినట్టున్నాడు! అసలుది బావ బీరువాలోనే హాయిగా పడుకుని ఉంది. ఏడుపులోనూ కాస్త గర్వం కలిగింది. చేసినవాడికే తేడా తెలియలేదంటే అదీ పనితనం.

ఆ ఆదివారమే మళ్ళీ టీ తాగాడు, మళ్ళీ మార్చుకొచ్చాడు. ఈసారి ఫీజుకి స్కూటరు అమ్మాడు. నలభై రోజులూ ల్యాబుకి నడిచి వెళ్ళడంతో పనంతా వెనకబడింది. ఒక పెద్దాయనైతే పై వరస పళ్ళు చేతికందక వారం రోజులు జావ తాగుతూ ఈయన్ని తిట్టుకున్నాడు.

మళ్ళీ ఉత్తరం వచ్చింది. 'నకిలీ. పోత పోసినది.'

బావమరిది రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఇదీ నకిలీ, అదీ నకిలీ. అంటే బావ దగ్గర అసలుది ఏనాడూ లేదన్నమాట! పాపం, పిచ్చి మారాజు. ఉత్త లోహం ముక్కని రాజని నమ్మి, రోజూ తుడిచి ముచ్చటపడుతున్నాడు. ఈ సంగతి తెలిస్తే ఆ గుండె తట్టుకుంటుందా?

పోయిన కొలిమికీ, అమ్మిన స్కూటరుకీ రాని కన్నీళ్ళు బావని తలుచుకుంటే వచ్చాయి. ఈ రహస్యం బావ చెవిన పడకూడదు. కొట్టాయన కాళ్ళు పట్టుకునైనా సరే, ఎవరికీ చెప్పనని మాట తీసుకోవాలి.

మధ్యాహ్నం ఎండలో చెమటలు కక్కుకుంటూ బస్టాండు వెనక్కి నడిచాడు. కొట్టు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరబోతుంటే, బాగా తెలిసిన గొంతు వినిపించి అక్కడే ఆగిపోయాడు.

"బావమరిది పని ఇంక అయిపోయినట్టే," తన వాటా జేబులో పెట్టుకుంటూ కొట్టాయనతో అంటున్నాడు బావ, "అలాంటి ఉత్తరాలే ఇంకో రెండు టైపు చేయించి ఉంచు, ఈ ఆదివారం మా పెద్దల్లుణ్ణి టీకి పిలిచాను."