నంబరు లేని రాయి

పైఅంతస్తులో ఒక్కడే కిరాయికుంటున్న బక్కయ్య మట్కా ఆడతాడని సుమిత్రమ్మ చెప్పింది.

ఆమెకు పాలవాడు చెప్పాడట.

లేకపోతే మెట్ల మీద, పూలకుండీల మీద, ఆఖరికి గ్యాస్ బండ మీద కూడా సుద్దముక్కతో ఆ నంబర్లు ఎందుకు వేస్తాడు?

ఎల్బీనగర్‌లోని ఆ బిల్డింగంతా ఈ మాట నమ్మింది. కింది వాటాలో ఉండే మహేందర్ కూడా నమ్మాడు.

అందుకే ఆదివారం పొద్దున కారు తీస్తుంటే బక్కయ్య ఎదురొచ్చేసరికి మొహం చిట్లించాడు.

"సంగమూరు పోతున్నరంట గద బిడ్డా. ఒక్క సీటుంటే నేను గూడ ఒస్తా."

"గాడ నీకేం పని తాతా? దోస్తులం పాత గుడి చూసి, నాలుగు ఫొటోలు దిగొద్దామని పోతున్నం."

"మా ఊరు గాడనే ఉండె. ఒక కన్ను పోయింది. రెండోది ఉండంగనే ఒకటి చూసుకోవాలె."

ఏం చూసుకోవాలో మహేందర్ అడగలేదు. కాదనడానికి మాత్రం నోరు రాలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మహేందర్‌తో పాటు కోచింగ్ సెంటర్‌లో పనిచేసే సౌజన్య, యోగేందర్ మెట్రోలో వచ్చి చౌరస్తాలో కారెక్కారు.

"తాతా, ఇయ్యాల ఏ నంబరొస్తదో చెప్పు. ఓ వంద పెడతా" అన్నాడు యోగేందర్ వెనక్కి తిరిగి.

ముగ్గురూ నవ్వారు. బక్కయ్యకు అర్థం కాలేదు. ఆయనా నవ్వాడు.

"ఆ గుడి అప్పుడు కింద ఏటి ఒడ్డుకు ఉండె బిడ్డా..." అని మొదలుపెట్టాడు.

యోగేందర్ పాట సౌండు పెంచాడు.

సంగమూరులో గేటు దగ్గర బోర్డు ఉంది. డ్యామ్ నీళ్లలో మునిగిపోవాల్సిన గుడిని రాయి రాయి విప్పి, గుట్ట మీదికి మోసి, మళ్లీ కట్టారట. రాళ్ల మీద ఎర్ర రంగుతో వేసిన నంబర్లు ఇప్పటికీ అక్కడక్కడా కనబడుతున్నాయి.

"రెండు వేల రాళ్లంట! ఒక్కటి గూడ తారుమారు కాకుండ ఎట్ల పెట్టిండ్రో!" అంది సౌజన్య.

బక్కయ్య ఏదో చెప్పబోయాడు.

"తాతా, జర పక్కకు జరుగు. ఫొటోల పడ్తున్నవ్" అన్నాడు యోగేందర్.

ఆయన జరిగాడు.

పొద్దు వాలేసరికి ఎండ పడమటి గోడ మీద పడి గుడి బంగారంలా మెరిసింది. ఆ గోడకు ఆనుకుని సౌజన్య ఫొటో దిగింది. చూసుకుంటే భుజం పక్కన రాయి మీద ఉలితో చెక్కిన అక్షరాలు కనిపించాయి. 'అండాలు'.

"ఛీ! ఎవడో లవర్ పేరు చెక్కిండు. గింత మంచి గుడిని గలీజు చేసిండ్రు."

ఫోన్ మీద రెండుసార్లు వేలితో రుద్దింది. అక్షరాలు మాయమయ్యాయి.

అప్పుడే అవతలి దిక్కున విజిల్ వినబడింది.

ఉత్తరం గోడ దగ్గర బక్కయ్య ఒక్కో రాయికీ మొహం ఆనించి చూస్తున్నాడు. చూసిన రాయి మళ్లీ చూడకుండా సుద్దతో చిన్న గీత పెడుతున్నాడు. తూర్పు, దక్షిణం గోడలు అప్పటికే అయిపోయాయి.

"ఏయ్ ముసలోడా! గోడల మీద గీతలేంది?" గార్డు ఉరికొచ్చాడు. "ఎవరి మనిషి ఈయన? మీతోటి ఒచ్చిండా?"

బక్కయ్య మహేందర్ వైపు చూశాడు.

చుట్టూ జనం పోగయ్యారు. ఒకడు వీడియో తీస్తున్నాడు.

"ఏమో సార్" అన్నాడు మహేందర్. "ఆయనెవరో మాకు తెల్వదు."

గార్డు సుద్దముక్క గుంజుకున్నాడు. రెక్క పట్టి తీసుకెళ్లి గేటు బయట కూర్చోబెట్టాడు.

వాళ్లు కారు దగ్గరికొస్తే బక్కయ్య లేచి నిలబడ్డాడు.

"ఒక్క గోడనే మిగిలింది బిడ్డా. పడమటిది. గార్డుకు జర చెప్పుండ్రి. అర్ధగంటల ఒస్తా."

"ట్రాఫిక్ల ఇర్కుతం తాతా. ఉంటే ఉండు, బస్సుకు రా" అన్నాడు మహేందర్.

బక్కయ్య ఉన్నాడు. గేటు మూసేదాకా ఉన్నాడు. తర్వాత బస్సెక్కాడు.

పదిహేను రోజులకు నిద్రలోనే ప్రాణం పోయింది.

దేవరకొండ దిక్కు పల్లెలో ఉండే కూతురు చంద్రమ్మ గది ఖాళీ చేయడానికి వచ్చింది. మహేందర్, అతనింటికి వచ్చి ఉన్న సౌజన్య, యోగేందర్ సామాను దించుదామని పైకి వెళ్లారు. సుమిత్రమ్మ అప్పటికే గడప దగ్గర నిలబడి ఉంది.

ట్రంకు పెట్టెలో రెండు జతల బట్టలు, సుద్దముక్కల డబ్బా, ఎర్ర రంగు ఎండి గట్టిపడ్డ కుంచె.

"మీ నాయనకు మట్కా అలవాటుండె గదమ్మా?" సుమిత్రమ్మ మెల్లగా అడిగింది.

"మట్కానా?" చంద్రమ్మ తలెత్తింది. "సంగమూరు గుడి ఇప్పినప్పుడు రాళ్లకు నంబర్లేసింది మా నాయన. ఏ రాయి ఏ రాయి పక్కన కూసుంటదో కాయితం చూడకుండ చెప్పెటోడు. ఆ చెయ్యికి గా అలవాటు పోలే."

చంద్రమ్మ ఎండిన కుంచెను చేతిలోకి తీసుకుంది.

"ఒక్క రాయికే నంబరెయ్యలే. దించుతుంటే మోకు తెగి గా రాయి నన్ను గన్న అవ్వ మీద పడి పానం తీసింది. నాకు మూడేండ్లు. నంబరు ఎయ్యాల్సిన కాడ అవ్వ పేరు చెక్కిండు. అండాలు అని. మల్ల గా గుడి మొకం చూడలే. నంబరు లేని గా రాయిని కట్టెటోళ్లు ఏ గోడల పెట్టిండ్రో నాయనకు గూడ తెల్వదు. ఆఖరికి ఒక్కసారి దాని మీద చెయ్యి పెట్టొస్తనని నాకు ఫోన్ల చెప్పిండు."

సౌజన్య ఫోన్ తెరిచింది.

ఫొటోలో ఆమె నవ్వుతోంది. భుజం పక్కన రాయి నున్నగా ఉంది.

మహేందర్ ఒకడుగు ముందుకేశాడు.

"ఆయనెవరో మాకు తెల్వదక్కా."

చంద్రమ్మ పెట్టె మూత వేసింది.

"గార్డుకు గూడ గదే చెప్పిండ్రంట గద."