ఉచితం గారు

సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు బకెట్టు నీళ్లు ధడాలున పడ్డాయి.

మెట్టుమీద కూర్చున్న మనిషి ఉలిక్కిపడి లేచాడు. చెప్పులు తడిశాయి, ప్యాంటు అంచులు తడిశాయి. చేతిలోని వస్తువును మాత్రం గుండెకు హత్తుకుని కాపాడుకున్నాడు.

"అయ్యయ్యో, చూళ్లేదండీ ఉచితం గారూ!" అన్నాడు కొట్టు యజమాని, ఖాళీ బకెట్టు ఊపుతూ.

పక్క కొట్టు టైలరు కిసుక్కున నవ్వాడు.

ఆ పేరు యజమాని పెట్టిందే. రోజూ సాయంత్రం ఆ మనిషి వచ్చి మెట్టుమీద కూర్చుంటాడు. ఎండ మండిపోతున్నా మెడకు మఫ్లరు తీయడు. నోరు విప్పడు, ఏమడిగినా తలాడింపే. చేతిలో అరచేతంత పాత ప్లేయరు. అది ఫోను కాదు, సిమ్ము పట్టదు. పాటలు వినడానికీ, వీడియోలు చూడడానికీ, ఫోటోలు తీసుకోవడానికీ ఒకప్పుడు కుర్రకారు ఎగబడి కొన్న సరుకు. తెర మీద వేలు జరిపితే బొమ్మ కదులుతుంది, వైఫై దొరికితే ఇంటర్నెట్టు కూడా వస్తుంది. ఒక మూల పగిలితే, మోకాలి దెబ్బకు వేసినట్టు తెల్ల ప్లాస్టరు అంటించాడు.

వైఫై కొట్టువాడిది. గిరాకీల కోసం పాస్‌వర్డు గోడమీద రాసి పెట్టాడు.

"కొనేది లేదు, బాగుచేయించేది లేదు. మన వైఫై మాత్రం ఈయనకు మామగారి సొత్తు!" అనేవాడు యజమాని.

"మూగవాడికి పాటల పెట్టెట!" అని టైలరు వంత పాడేవాడు.

నిజానికి అతనివల్ల పోయేదేమీ లేదు. కానీ తనది ఇంకొకడు వాడుకుంటుంటే కొందరికి ఊరికే కడుపు మండుతుంది. మన యజమాని ఆ జాతి.

బయట పులి, ఇంట్లో పిల్లి. అమ్మంటే ప్రాణం. ఆవిడకు చూపు పోయింది. చూపుతోపాటు ఆకలీ పోయింది. కంచం ముందు పెడితే "ఎందుకురా ఇదంతా" అని నెట్టేసేది. అలాంటి సమయంలో కోడలికి ఫోనులో ఒక గొంతు దొరికింది. ఎవరో కథలు చదువుతున్నారు, రోజుకో భాగం. ప్రతిసారీ మొదట అదే పలకరింపు.

"ముద్ద కలిపారా? అయితే నేనూ మొదలుపెడతాను."

"కలిపానయ్యా, కానివ్వు" అనేది అమ్మ, మనిషి ఎదురుగా కూర్చున్నట్టే. కథ సగమయ్యేసరికి కంచం ఖాళీ అయ్యేది.

"ఆయనెవరో కనిపిస్తే కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంటానే" అన్నాడు యజమాని భార్యతో. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఒకరోజు ఉచితం గారు మెట్టు దగ్గర ఆగలేదు. లోపలికి వచ్చి ప్లేయరు బల్లమీద పెట్టాడు. తెర బిగుసుకుపోయింది.

"ఆహా, ఇన్నాళ్లకు గిరాకీ అయ్యారన్నమాట!"

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. మొరాయించిన వస్తువును కంప్యూటరుకు తగిలించి, లోపలున్నదంతా తుడిచేస్తే అది కొత్తదానిలా లేచి కూర్చుంటుంది. అయితే తుడిచేముందు "లోపలివి దాచమంటారా, తీసేయమంటారా?" అని అడగాలి. పెళ్లి ఫోటోలు పోయి ఒకావిడ వీధిలో నిలబడి శాపనార్థాలు పెట్టినప్పటి నుంచి యజమాని అందరినీ అడుగుతున్నాడు.

ఇతన్ని అడగలేదు.

"నోరు లేనివాడిని అడిగేదేముంది!" అని మీట నొక్కేశాడు.

కంప్యూటరు మీద గీత నిండుతోంది. అది చూసి ఉచితం గారు బల్లమీదికి వంగి యజమాని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఆగవయ్యా, చెయ్యి వదులు! చెత్తంతా పేరుకుపోయింది. ఊడ్చేస్తున్నా."

కాసేపటికి ప్లేయరు తళతళా వెలిగింది. అతను వేలితో ఇటు జరిపాడు, అటు జరిపాడు. ఏమీ లేదు.

"డబ్బులొద్దులే, వెళ్లు. నీకు ఇదీ ఉచితమే!"

అతను వెళ్లిపోయాడు.

"కనీసం ఒక దండమైనా పెట్టలేదు, చూశావా? ఇలాంటివాళ్లకు మంచి చెయ్యకూడదు" అన్నాడు యజమాని టైలరుతో.

ఆ పూట ఇంట్లో కొత్త భాగం రాలేదు. మర్నాడూ రాలేదు. కోడలు పాతది పెట్టింది.

"ఇది విన్నదేగా. ఆ పిల్ల ఏరు దాటిందో లేదో చెప్పకుండా ఎక్కడికి పోయాడమ్మా?" అంటూ అమ్మ కంచం నెట్టేసింది.

వారం తిరక్కుండానే ఆవిడ ముఖం పీక్కుపోయింది. యజమానికి భయం పట్టుకుంది.

"ఆయన ఎక్కడున్నా పట్టుకొస్తానమ్మా. కాళ్లావేళ్లా పడైనా చదివిస్తాను. ఒక్క ముద్ద తిను."

"రానీరా. వచ్చాకే తింటాను."

ఆ మాట అంటుండగానే కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"వచ్చిందత్తయ్యా! ఏదో పెట్టారు!"

అమ్మ తడుముకుంటూ కంచం దగ్గరికి లాక్కుంది. ముద్ద కలిపింది.

"కలిపానయ్యా, కానివ్వు."

ఫోను పలకలేదు.

"గొంతు రావట్లేదండీ, మీరు చూడండి" అని భార్య ఫోను అతని చేతిలో పెట్టింది.

"ఏమంటున్నాడ్రా?" అంది అమ్మ, ముద్ద చేతిలోనే పట్టుకుని.

ఫోనులో ఒక ఫోటో ఉంది, అద్దం ముందు నిలబడ్డ మనిషి, మెడకు మఫ్లరు, చేతిలో మూలన తెల్ల ప్లాస్టరు అంటించిన పాత ప్లేయరు, దాని కింద నాలుగు ముక్కలు: "ఆపరేషన్‌లో నా గొంతు తీసేయకముందు చదివి దాచుకున్న కథలన్నీ ఇందులో ఉండేవి, ఇక లేవు, ముద్ద కలిపి కూర్చున్నవాళ్లు నన్ను మన్నించాలి."