రిజిస్టరమ్మ వచ్చింది

“తేనె సీసా! ముందు ఆ తేనె సీసా తియ్యండి!”

కిటికీ దగ్గర కాపలా కాస్తున్న అత్తగారు కేకెయ్యగానే మామగారు పేపరు పడేసి లేచారు. వీధి మొదట్లో తెల్లకోటు కనిపిస్తోంది. చంకలో పొడుగాటి రిజిస్టరు.

“ఎక్కడ పెట్టను?”

“నా నెత్తి మీద పెట్టండి! ఎక్కడో ఒకచోట, కనబడకుండా!”

ఆయన సీసాతో గుమ్మం వైపు పరుగెత్తారు. అత్తగారు పాప మంచంలోంచి దిండూ, బొంతా, బొచ్చు కుందేలూ ఒక్క ఊపున లాగి వాషింగ్ మెషీన్‌లో కుక్కింది. నీళ్ళు పట్టే పాలసీసా పిండి డబ్బాలో మునిగింది. రెండు నెలల పాప ఇదంతా కోడలి భుజం మీంచి చోద్యం చూస్తోంది.

నిజానికి అత్తగారు ఒకరికి భయపడే మనిషి కాదు. పిల్లల డాక్టరమ్మ “ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దు, ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, వెల్లకిలా పడుకోబెట్టండి, పక్కలో దిండూ దుప్పటీ బొమ్మా ఏవీ ఉండకూడదు” అని చెబితే, “ఆ పిల్లకి అసలు పెళ్ళయిందా?” అని ఇంటికొచ్చేసింది. అదే మాట కోడలు చిలక్కి చెప్పినట్టు చెబితే, “ముగ్గుర్ని పెంచాను. నీ మొగుడు దిండు మీద పడుకునే ఇంతవాడయ్యాడు” అనేది. ఆ మొగుడేమో “అమ్మకి తెలుసులే” అని ఆఫీసుకి జారుకునేవాడు.

ఒక మధ్యాహ్నం పాప మొహం ఆ దిండులో కూరుకుపోయి ఉంటే కోడలే చూసి లాగింది. పాప ఏడవడానికి కాసేపు పట్టింది. సాయంత్రం దాకా కోడలు పాపని ఒళ్ళోంచి దించలేదు.

“ఏం కాలేదుగా!” అంది అత్తగారు.

ఆ మరుసటి వారమే పసిపిల్లల తనిఖీ అంటూ రిజిస్టరమ్మ మొదటిసారి వచ్చింది. సలహా ఒక్కటీ చెప్పలేదు. “ఇంట్లో పెద్ద ఎవరు?” అని అడిగి, అత్తగారి పేరు, వయసు, ఫోను నంబరు రాసుకుంది. “అయితే బిడ్డ బాధ్యత మీదే అన్నమాట” అని వెళ్ళిపోయింది. అంతే. డాక్టరు చదువుకి లొంగని మనిషి ఆ గీతల కాగితానికి లొంగిపోయింది.

బెల్లు మోగింది.

“నీళ్ళు పడుతున్నారా?”

“ఛ ఛ! ఇంత పసిగుడ్డుకి నీళ్ళేంటండీ!”

“తేనె?”

“ఆ వాసన కూడా తెలీదండీ మా ఇంటికి.”

“పాలు ఎప్పుడెప్పుడు ఇస్తున్నారు?”

అత్తగారు తడబడి కోడలి వైపు చూసింది.

“ఆకలన్నప్పుడల్లా,” అంది కోడలు మెల్లగా.

“నిన్నడగలేదు. పెద్దావిడ చెప్పాలి.”

“ఆకలన్నప్పుడల్లానండీ!”

రిజిస్టరమ్మ పాప మంచంలోకి వంగి చూసింది. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన ఒక్క గుడ్డ. టిక్కు పెట్టింది. అత్తగారు ఊపిరి పీల్చుకుంది. రిజిస్టరమ్మ గుమ్మం దాటి చెప్పులేసుకోబోయి ఆగిపోయింది. చెప్పుల స్టాండులో, సరిగ్గా ఆవిడ కుడికాలి చెప్పు పక్కన, తేనె సీసా.

“ఇదేంటి?”

మామగారు గొంతు సవరించుకున్నారు. “చెప్పులకి... మెరుపొస్తుందని...”

రిజిస్టరమ్మ నవ్వలేదు. ఎర్ర పెన్ను తీసి ఏదో రాసింది.

“మళ్ళీ వస్తాను. ఎప్పుడో చెప్పను.”

ఆ ‘ఎప్పుడో’ అత్తగారి ప్రాణం తోడేసింది. రోజూ దాచడం, రోజూ తియ్యడం ఎవరివల్ల అవుతుంది? నాలుగో రోజుకి దిండు అటకెక్కింది. తేనె మామగారి రొట్టె ముక్కల మీదకి పోయింది. పాలసీసా చెత్తబండి ఎక్కింది. వారం తిరిగేసరికి పాప తల్లి మంచం పక్కనే తన మంచంలో, వెల్లకిలా, చేతులు బార్లా చాపుకుని నిద్రపోవడం మొదలుపెట్టింది. పక్కింటావిడ చూడ్డానికొచ్చి, “పాపం, తల కింద మెత్తగా ఏదైనా పెట్టొచ్చుగా” అనేసరికి అత్తగారు ఇంతెత్తున లేచింది.

“దిండా! పిల్లకి ఊపిరాడద్దూ? ఈ రోజుల్లో మనుషులకి బొత్తిగా తెలివి లేకుండా పోతోంది.”

ఆ మాట విని కోడలు వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

రిజిస్టరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి తిన్నగా వెళ్ళి వాషింగ్ మెషీన్ మూత ఎత్తింది. ఆవిడకెలా తెలిసిందో అర్థంకాక మామగారి గుండె ఆగినంత పనైంది. లోపల బట్టలే ఉన్నాయి.

“ఏమ్మా, కన్నదానివి నువ్వు,” కోడలి మీదకి తిరిగింది. “నీకేమైనా తెలుసా, లేక అంతా మీ అత్తగారేనా?”

“మా కోడల్నేమీ అనకండి,” అత్తగారు అడ్డం వచ్చింది. “అన్నీ నేను నేర్పుతున్నానుగా!”

రిజిస్టరమ్మ తల వంచుకుని ఏదో రాసుకుంది. చాలాసేపు తలెత్తలేదు.

“బాగుంది. ఇక నేను రానక్కర్లేదు.”

అత్తగారి మొహం చాటంతయింది. పాపని తన చేతుల్లోకి తీసుకుని కోడలి చెవిలో గొణిగింది. “వీధి మలుపు దాకా వెళ్ళి సాగనంపు. మర్యాదగా మాట్లాడు. పెద్ద ఆఫీసరు.”

ఇద్దరూ మలుపు దాకా నడిచారు. ఇల్లు కనుమరుగయ్యాక రిజిస్టరమ్మ వాచీ చూసుకుంది.

“వస్తానే, పార్లర్‌లో ఇద్దరు ఐబ్రోస్‌కి కూర్చుని ఉన్నారు.”