మూడో కూత

1987 మే నెల. మధ్యాహ్నం రెండూ పదికి, ఆగిరిపల్లి రోడ్డులోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, కంప్యూటరులో లారీల తూకం చూసే ప్రోగ్రాం, కాటా జాబ్, ఆగిపోయింది. కాటా ఎక్కిన లారీకి తూకం చీటీ రాలేదు. చీటీ లేనిదే లోపలి గేటు తీయరు. మూడున్నర దాకా కారణం ఎవరికీ తెలియలేదు. అప్పటికి లారీల వరస రోడ్డెక్కింది. తోట కౌలుకు తీసుకున్న పెద్దిరాజు కాయ టార్పాలిన్ కింద ఉడికిపోయింది.

అయిదింటికి మేనేజరు శ్రీమన్నారాయణ కంప్యూటరు గదిలో విచారణ పెట్టాడు. ప్రోగ్రామరు బసవపున్నారావు టెర్మినల్ ముందు కూర్చున్నాడు. ఆపరేటరు రిబ్కమ్మ నిలబడింది. పెద్దిరాజును ఎవరూ పిలవలేదు. అతనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మా, కునుకు తీశావా?" అన్నాడు. "నా కాయ కూడా లారీలో హాయిగా పడుకుంది. లేపబోతే కారుతోంది."

"మీరుండండి పెద్దిరాజుగారూ," అన్నాడు మేనేజరు. "రిబ్కమ్మా, కాటా దగ్గర్నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు. మిషను బాగానే ఉంది, మీ ప్రింటరే చూసుకోండి అన్నావట."

"అన్నానండీ. కూత వినపడుతోందని అన్నానండీ."

కూత బసవపున్నారావు చేసిన ఏర్పాటు. కంప్యూటరులో జాబ్‌లన్నీ నడుస్తున్నాయో లేదో చూడ్డానికి అతను ఇంకో జాబ్ రాశాడు. మామిడి తోటల్లో కాపలావాళ్లు ఒక తోట నుంచి ఇంకో తోటకు కేక వేసుకుంటారు. కేక వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. రాకపోతే లేచి వెళ్లి చూడాలి. ఇదీ అంతే. అన్నీ నడుస్తుంటే పావుగంటకోసారి టెర్మినల్ రెండుసార్లు కూసి, కాస్త ఆగి, మూడోసారి కూస్తుంది. ఏ ఒక్క జాబ్ ఆగినా నోరు మూసుకుంటుంది. దసరాకు ఇది మొదలయ్యాక ఆపరేటరు తెర ముందు కూర్చోవలసిన పని లేకుండా పోయింది. రిబ్కమ్మకు పక్క గదిలో చీటీలు విడదీసి సర్దే పని కూడా అప్పగించారు.

"రెండూ పది తరవాత ఒక్క కూత కూడా లేదమ్మా," అన్నాడు బసవపున్నారావు, తెర మీది కూతల లెక్క ఆమె వైపు తిప్పి. "కాటా జాబ్ ఏదో అడిగి, జవాబు కోసం ఆగింది. ఒక్క మీట నొక్కితే కదిలేది."

"నేను విన్నానండీ. ఒకసారి కాదండీ, నాలుగైదు సార్లు."

"ఎలా కూసింది?"

రిబ్కమ్మ బల్ల మీద వేలితో కొట్టి చూపింది. రెండు. కాస్త ఆగి, ఒకటి.

"ఆ వరస నేను కావాలని పెట్టింది. గేటు బజరుగానీ, బాయిలరు గంటగానీ అలా మోగవు. ఈ టెర్మినల్ తప్ప ఇంకెవరు కూస్తారు అలా?"

"తెలీదండీ."

"పోనీ ప్రోగ్రాం అబద్ధం చెబుతోందంటారా?"

"అలా అననండీ. విన్నానంటున్నానండీ."

శ్రీమన్నారాయణ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"చూడు రిబ్కమ్మా. అన్నం తిని కూర్చున్నావు, బయట ఎండ అలా ఉంది. నిద్రపట్టిందంటే మనిషన్నాక సహజం అనుకుంటాను. మెమో ఇచ్చి వదిలేస్తాను. విన్నానని బుకాయిస్తే మాత్రం రేపటి నుంచి రావద్దు. అబద్ధం ఆడే మనిషిని మిషను దగ్గర పెట్టుకోలేను."

"ఇంట్లో నా సంపాదన ఒక్కటేనండీ."

"అందుకే చెబుతున్నా. ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేది నువ్వే కదా? అబద్ధం ఆడొచ్చని చెబుతావా వాళ్లకు?"

రిబ్కమ్మ తల వంచుకుంది. గుమ్మంలో పెద్దిరాజు వెనక ఇద్దరు లారీ డ్రైవర్లు చేరారు.

"నిద్రపోయానండీ," అంది.

"ఆయనతో చెప్పు. కాయ పోయింది ఆయనది."

ఆమె గుమ్మం వైపు తిరిగింది. "నిద్రపోయానండీ. కూత వినలేదు. విన్నానని అబద్ధం చెప్పాను. క్షమించండి."

డ్రైవరొకడు నవ్వాడు. పెద్దిరాజు నవ్వలేదు. కండువాతో మెడ తుడుచుకుని, "సర్లేమ్మా," అన్నాడు.

"ఈ ఒక్క ముక్క కోసం ఇంతసేపు పట్టింది," అన్నాడు శ్రీమన్నారాయణ.

"నాకు మొదట్నుంచీ అనుమానం లేదండీ," అన్నాడు బసవపున్నారావు. "కూయకూడనప్పుడు కూయదది."

"సరే. రిబ్కమ్మా, ఇక మిషను కట్టెయ్యి."

రోజూ సాయంత్రం మిషను ఆపేది ఆమే. జాబ్‌లు ఒక్కొక్కటే మూసింది. టెర్మినల్ ఆపింది. మెయిన్ స్విచ్చి దించింది. బీరువాలాంటి యంత్రంలో ఫ్యాన్లు తిరిగి తిరిగి ఆగాయి. గది నిశ్శబ్దమైంది.

కూత వినపడింది. రెండు. కాస్త ఆగి, మూడోది.

బసవపున్నారావు టెర్మినల్ వైపు చూశాడు. తెర నల్లగా ఉంది. మెయిన్ స్విచ్చి చూశాడు. అది దించే ఉంది, రిబ్కమ్మ చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

"ఇదేంటండీ?" అన్నాడు పెద్దిరాజు.

కూత మళ్లీ వచ్చింది, తెరిచి ఉన్న తలుపులోంచి, చీటీల గది వైపు నుంచి. బసవపున్నారావు ఆ గదిలోకి నడిచాడు. పెద్దిరాజు, డ్రైవర్లు వెనక వెళ్లారు. శ్రీమన్నారాయణ ఆఖరున లేచాడు. రిబ్కమ్మ పక్కనుంచి వెళ్తూ ఆమె మొహం వైపు చూడలేదు. రిబ్కమ్మ కదల్లేదు.

చీటీల గది కిటికీ తెరిచి ఉంది. ఊచల దాకా మామిడి కొమ్మ వంగి ఉంది. కొమ్మ మీద గోరింక కూర్చుని ఉంది. అది వాళ్లను చూసి ఎగిరిపోలేదు. రెండుసార్లు కూసి, కాస్త ఆగి, మూడోసారి కూసింది.