తీగ పెట్టని మోటారు

ఎండాకాలం నుంచి షాపులో చోటు తింటున్న ఈ మోటారు టెలిస్కోపు స్టాండు ఈరోజైనా అమ్ముడుపోవాలని నా లెక్క. చూపించనిదే సరుకు అమ్మడం నాకు అలవాటు లేదు. చీకటి పడగానే, కొనడానికి వచ్చిన జిప్పోరా టీచరమ్మను ఆబిడ్స్‌లోని మా షాపు డాబా మీదికి తీసుకెళ్లాను. స్టాండుకు టెలిస్కోపు బిగించి, నాంపల్లి స్టేషన్ వైపు ఎదురు హోటలు గోడ మీదుగా కనిపిస్తున్న చుక్కను నడిమధ్యకు తెచ్చాను.

"మోటారు లేకుంటే చుక్క నిమిషంల జారిపోతదమ్మా. ఇది దాని వెంటే తిరుగుతది," అన్నాను.

ఆమె కన్ను ఆనించి చాలాసేపు చూసింది. "ఔ సదాశివగారూ, అస్సలు కదుల్తలేదు. తీసుకుంట."

బేరం కుదిరిందని సంబరపడుతుంటే నా చేతిలో వైరు కనిపించింది. బ్యాటరీకి తగిలించడమే మరిచాను. మోటారు తిరగనే లేదు. మరి చుక్క ఎట్లా ఆగింది? చెబితే బేరం పోతుందని చప్పుడు చేయకుండా తగిలించాను. మోటారు సన్నగా మూలిగింది.

"అయ్యో, జారిపోతుంది! ఏం జేసిన్రు?"

గబుక్కున వైరు పీకేశాను. మూలుగు ఆగింది. కింద రోడ్డు మీద హారన్లు కూడా ఆగినట్టనిపించింది.

"ఆఁ, అదే మళ్లీ మధ్యకొచ్చింది. గిప్పుడు జర పెద్దగైంది."

తలెత్తి చూశాను. నేను గురిపెట్టిన చుక్క ఎప్పుడో హోటలు గోడ వెనక్కి దిగిపోయింది. టెలిస్కోపు ఏమీ లేని నల్లటి ఆకాశంలోకి చూస్తోంది.

"ప్యాక్ చెయ్యున్రి," అంది టీచరమ్మ. కన్ను మాత్రం తీయలేదు.