మనోళ్ళు

“పొద్దున నెట్ సెంటర్‌కి పోయి ఆ రంగుల జెండా తీసేసినా అన్నా,” అంటూ రాజేంద్ర మగ్గం మీద పడుగు పోగుల మధ్య నుంచి నాడె విసిరాడు.

కుడి అంచు నేసే ఆదెన్న దాన్ని అందుకున్నాడు. పెద్దంచు పట్టుచీర, ఇద్దరు కూర్చుంటే తప్ప సాగదు.

“ఏం జెండా?”

“ఆర్కుట్‌లో మన ధర్మవరం నేతగాళ్ళ గ్రూపు నేనే గదా నడిపేది. ఎవడో దొంగపేరుతో చేరి, మగోళ్ళను ఇష్టపడే మగోళ్ళ జెండా పెట్టినాడు. అందరూ బూతులు తిట్టినారు. గొడవెందుకని వాణ్ణే తీసేసినా.”

“తిట్టినోళ్ళని?”

“వాళ్ళు మనోళ్ళన్నా.”

నాడె ఇటు వచ్చింది, అటు పోయింది.

“తిట్లన్నీ అయినంక ఇంకోటి రాసినాడు. నేను ఆడే కూచోనుంటి. ఎవరూ చూడకముందే చెరిపేసినా. మగ్గం మీద పక్కన కూచునేవాడికి గూడా చెప్పుకోలేక పోతాండాడంట!” రాజేంద్ర నవ్వాడు. “ఊర్లో ఇన్ని మగ్గాలుండాయి. ఎవడో ఏమో.”

“అంతవరకే చదివినావా?” అన్నాడు ఆదెన్న తల ఎత్తకుండా. “ఆ పక్కన కూచునేవాడొక్కడు తిట్టకుంటే సాలని గూడా ఉండాది గదా, కింద.”

రాజేంద్ర నవ్వు ఆగిపోయింది. ఆ మాట రాసినవాడూ తానూ తప్ప మూడో మనిషి చూడలేదు.

నాడె కోసం చాచిన అతని చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆదెన్న నాడె విసరలేదు.

“వాళ్ళు మనోళ్ళంటివే,” అన్నాడు. “మరి నేనెవరప్పా?”